స్కూలు బస్సుల డీజిల్ పొగను తగ్గించడం ఎలా? యాజమాన్యాలకు, తల్లిదండ్రులకు సమగ్ర మార్గదర్శి

డీజిల్ ఇంజన్ పొగ మనుషుల్లో క్యాన్సర్‌కు కారణమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012 జూన్‌లో తేల్చి చెప్పింది. ఆ పొగకు అతి దగ్గరగా, రోజూ రెండు పూటలా, విద్యాసంవత్సరం పొడుగునా కూర్చునేది స్కూలు పిల్లలే. శరీర బరువుతో పోల్చి చూస్తే పిల్లలు పెద్దలకంటే ఎక్కువ గాలి పీలుస్తారు, వారి ఊపిరితిత్తులు ఇంకా ఎదుగుతూ ఉంటాయి. పైగా బస్సు వదిలే పొగ రోడ్డు మీదే ఉండిపోదు. తలుపు సందుల్లోంచి, ఇంజన్ మూత అంచుల్లోంచి, ముందున్న బస్సు సైలెన్సర్ నుంచి తిరిగి లోపలికే వస్తుంది.

అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో 275 మంది ప్రాథమిక పాఠశాల విద్యార్థులను పరిశీలించి 2015లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో మనకు మంచి ఆధారం. అక్కడ బస్సులకు గంధకం బాగా తగ్గించిన డీజిల్ వాడి, సైలెన్సర్ దగ్గర శుద్ధి పరికరాలు, ఇంజన్ అడుగుభాగపు ఆవిరిని పట్టే ఫిల్టర్లు బిగించాక బస్సు లోపలి కాలుష్యం తగ్గింది. పిల్లల శ్వాసనాళాల్లో వాపును సూచించే కొలత తగ్గింది, గైర్హాజరు కూడా తగ్గింది. ఉబ్బసం ఉన్న పిల్లలకు ఎక్కువ మేలు జరిగింది. అంటే ఈ పనికి ఫలితం వచ్చే తరానికి కాదు, ఇప్పుడు బస్సెక్కుతున్న పిల్లలకే దక్కుతుంది.

ఈ మార్గదర్శిని ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని పాఠశాలలను దృష్టిలో పెట్టుకొని రాస్తున్నాను. ఇందులోని మెట్ల వరుస ముఖ్యం. ఖర్చు లేనివి ముందు, మరమ్మతులు తరువాత, కొత్త బస్సులు చివర. ప్రవేశాల ప్రకటనల కోసం ఒక కొత్త విద్యుత్ బస్సును గేటు ముందు నిలబెట్టి, పన్నెండేళ్ల పాత బస్సును రోజూ అత్యంత పొడవైన రూటుకు పంపే పాఠశాల పిల్లల ఊపిరితిత్తులకు చేసే మేలు చాలా స్వల్పం.

1. ప్రతి బస్సు పుట్టుపూర్వోత్తరాలు రాయండి

ఒక రిజిస్టరు తెరిచి ప్రతి బస్సుకూ ఒక పేజీ కేటాయించండి. తయారైన నెల, సంవత్సరం, ఏ భారత్ స్టేజ్ (బీఎస్ అని పిలిచే, వాహనాల పొగకు ప్రభుత్వం పెట్టిన పరిమితి) ప్రమాణానికి చెందినది, రోజూ ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుంది, ఎంతమంది పిల్లలు ఎంతసేపు కూర్చుంటారు, లీటరుకు ఎంత మైలేజీ ఇస్తోంది, చివరి పొగ పరీక్షలో ఎంత రీడింగ్ వచ్చింది అన్నవి అందులో ఉండాలి. భారత్ స్టేజ్ వివరం ఆర్‌సీలోనూ ఎం-పరివాహన్ యాప్‌లోనూ దొరుకుతుంది. కొన్న సంవత్సరాన్ని బట్టి ఊహించవద్దు. బీఎస్-4 ప్రమాణం హైదరాబాద్ సహా 13 నగరాల్లో 2010లోనే మొదలైనా దేశమంతటికీ 2017 ఏప్రిల్ 1న వచ్చింది కాబట్టి, ఒకే ఏడాది కొన్న రెండు బస్సులు వేర్వేరు ప్రమాణాలవి కావచ్చు.

ప్రమాణాల మధ్య తేడా ఎంతటిదో అంకెలే చెబుతాయి. ఒక కిలోవాట్-గంట పనికి భారీ డీజిల్ ఇంజన్ వదలగలిగిన నైట్రోజన్ ఆక్సైడ్ల (పొగలోని హానికర వాయువుల) పరిమితి బీఎస్-3లో 5 గ్రాములు, బీఎస్-4లో 3.5 గ్రాములు, బీఎస్-6లో 0.4 గ్రాములు. మసి రేణువుల పరిమితి అదే వరుసలో 0.10, 0.02, 0.01 గ్రాములు. బీఎస్-6లో రేణువుల బరువుతో పాటు వాటి సంఖ్యకూ పరిమితి పెట్టారు. ఊపిరితిత్తుల లోతుకు చేరేవి బరువు తూగని అతిసూక్ష్మ రేణువులే కనుక, పిల్లల విషయంలో ఇది పెద్ద మార్పు. పరిమితుల లెక్కన చూస్తే ఒక్క బీఎస్-3 బస్సు పన్నెండు బీఎస్-6 బస్సులంత నైట్రోజన్ ఆక్సైడ్లు వదలవచ్చు.

రిజిస్టరు పూర్తయిన రోజే చేయగల పని ఒకటి ఉంది. అత్యంత పాత బస్సును అత్యంత పొట్టి రూటుకు, కొత్త బస్సును పొడవైన రూటుకు మార్చండి. దీనికి రూపాయి ఖర్చు లేదు. డ్రైవర్లు అలవాటైన బస్సును వదలడానికి ఇష్టపడకపోవచ్చు కాబట్టి కారణం వివరించి మార్చండి.

2. నిలబడ్డ బస్సులో ఇంజన్ ఆపించండి

పిల్లలు దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు, సాయంత్రం గంట కొట్టక ముందు వరసగా నిలిచిన బస్సులు పెద్ద ఇంజన్లను ఊరికే తిప్పుతూ ఉంటాయి. ఇలా నిలబడి తిరిగే పెద్ద బస్సు ఇంజన్ గంటకు సుమారు రెండు లీటర్ల డీజిల్ తాగుతుంది. ఇరవై బస్సులు, ఒక్కోటి రోజుకు అరగంట చొప్పున అనుకుంటే రోజుకు 20 లీటర్లు, 220 పనిదినాలకు 4,400 లీటర్లు. లీటరు 95 రూపాయలనుకుంటే నాలుగు లక్షల రూపాయలకు పైమాట. ఒక్క కిలోమీటరు ప్రయాణం లేకుండా, అదీ పిల్లలు గుంపుగా నిలబడే చోటే, ఆ ఇంధనమంతా కాలిపోతోంది.

గోడకు బోర్డు తగిలించినంత మాత్రాన ఇది ఆగదు. డ్రైవర్ ఇంజన్ ఎందుకు ఆపడం లేదో తెలుసుకోవాలి. చాలాసార్లు అతని కారణం న్యాయమైనదే. బ్యాటరీ బలహీనపడి, ఆపితే మళ్లీ సెల్ఫ్ తీసుకోదన్న భయం ఒకటి. బ్రేకులను గాలి ఒత్తిడితో పనిచేయించే ఎయిర్ లైన్‌లో లీకేజీ ఉండి, రాత్రికి రాత్రి గాలి దిగిపోవడం వల్ల పొద్దున్నే పావుగంట ఇంజన్ తిప్పితే తప్ప ప్రెషర్ ఎక్కకపోవడం మరొకటి. లైను బాగున్న బస్సులో కొద్ది నిమిషాల్లోనే ప్రెషర్ మీటరు ముల్లు చేరాల్సిన చోటికి చేరుతుంది. సాయంత్రం బస్సు పెట్టేటప్పుడు ప్రెషర్ ఎంతుందో, పొద్దున ఎంతుందో వారం రోజులు రాయించండి. బాగా పడిపోతున్న బస్సును షెడ్డుకు పంపి, సబ్బు నురగ రాసి జాయింట్లు పరీక్షింపజేయండి. ఇది భద్రతకు సంబంధించిన లోపం కూడా కాబట్టి ఒక్కరోజు కూడా వాయిదా వేయవద్దు. బ్యాటరీ, ఎయిర్ లైన్ బాగు చేశాక, ఒక నిమిషానికి మించి నిలిచే ప్రతిచోటా ఇంజన్ ఆపాలన్న నియమం పెడితే అది అమలవుతుంది. మిగిలిన డీజిల్ సొమ్ములో కొంత డ్రైవర్లకు ప్రోత్సాహకంగా ఇవ్వాలని నా గట్టి సూచన.

3. బస్సులు నిలిపే తీరు మార్చండి

మోటారు వాహనాల నిబంధనల ప్రకారం పొగ గొట్టం కిందికి గానీ ఎడమవైపుకు గానీ తెరుచుకోకూడదు, కుడివైపుకో వెనక్కో ఉండాలి. పిల్లలు ఎక్కేది ఎడమ నుంచి కనుక ఇది సరైన నిబంధనే. అయితే బస్సులను ఒకదాని వెనుక ఒకటి ఆనించి నిలిపితే ముందు బస్సు పొగ వెనుక బస్సు ముందు తలుపులోకి వెళ్తుంది. స్థలం ఉంటే ఏటవాలుగా పక్కపక్కన నిలపండి. లేకపోతే బస్సుల మధ్య ఖాళీ వదిలి, అన్నీ ఒకేసారి కాకుండా రెండు విడతలుగా కదిలేలా చూడండి. చిన్న తరగతుల పిల్లలను ఇంజన్లు స్టార్ట్ చేయక ముందే ఎక్కించాలి. డిసెంబరు, జనవరి ఉదయాల్లో పొగమంచుతో పాటు కాలుష్యమూ నేలకు దగ్గరగా పేరుకుంటుంది కనుక ఆ రెండు నెలలు ఇంకాస్త కచ్చితంగా ఉండండి.

4. బస్సు లోపలికి వచ్చే పొగను మూయండి

మన స్కూలు బస్సుల్లో చాలావాటికి ఇంజన్ ముందే, డ్రైవర్ పక్కన, బానెట్ కింద ఉంటుంది. కిక్కిరిసిన బస్సుల్లో చిన్నపిల్లలను ఆ బానెట్ మీదే కూర్చోబెట్టడం అందరూ చూసిన దృశ్యమే. వేడి, పొగ రెండూ అక్కడే ఎక్కువ. ఆ అలవాటును ఈ రోజే ఆపాలి.

తరువాత బానెట్ చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్‌ను వేలితో తడిమి చూడండి. ఎండిపోయి పగుళ్లిచ్చినా, మూలల్లో ఊడిపోయినా మార్పించండి. గేర్ రాడ్ అడుగున ఉండే రబ్బరు తొడుగు చిరిగి ఉంటుంది, దాని సందులోంచి రోడ్డు కనిపిస్తుంటుంది. ఫ్లోర్ రేకులో తుప్పు రంధ్రాలు, వెనుక అత్యవసర ద్వారం రబ్బరు, పొగ గొట్టం జాయింట్ల చుట్టూ నల్లటి మసి మరకలు కూడా చూడాలి. మసి మరక ఉందంటే అక్కడ పొగ కారుతోందనే అర్థం.

ఎక్కువమంది పట్టించుకోనిది బ్రీదర్ పైపు. పిస్టన్ల పక్కనుంచి జారి ఇంజన్ అడుగుకు చేరిన వాయువులు, నూనె ఆవిరి పాత ఇంజన్లలో ఈ పైపు గుండా నేరుగా బానెట్ కిందే బయటికి వస్తాయి. సైలెన్సర్‌కు ఎంత మంచి పరికరం బిగించినా ఈ దారి మూయనంతకాలం బస్సు లోపలి గాలి శుభ్రపడదు. పైపు చివర తెరిచి ఉంటే నూనెను వడకట్టి ఆవిరిని తిరిగి ఇంజన్‌కు పంపే ఏర్పాటు మీ మోడల్‌కు ఉందేమో కంపెనీ అధీకృత సర్వీసు కేంద్రంలో అడగండి. పైపు నుంచి పొగ దట్టంగా కొడుతుంటే పిస్టన్ రింగులు అరిగాయన్నమాట, అది ఇంజన్ విప్పాల్సిన జబ్బు.

5. పొగ రంగు చదవండి, రీడింగులు దాచుకోండి

నల్ల పొగ అంటే డీజిల్ పూర్తిగా కాలడం లేదని. ఎయిర్ ఫిల్టర్ పూడుకుపోవడం, ఇంజెక్టర్లు సరిగ్గా చిమ్మకపోవడం, టర్బో గొట్టం పగలడం దీనికి సాధారణ కారణాలు. నీలి పొగ ఇంజన్ ఆయిల్ కాలుతోందని చెబుతుంది. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే ఇంజెక్షన్ సమయం తప్పిందో, కూలెంట్ లోపలికి కారుతోందో పరీక్షించాలి. మన మట్టి రోడ్ల మీద తిరిగే బస్సుకు ఎయిర్ ఫిల్టర్ కంపెనీ చెప్పిన గడువుకంటే ముందే నిండుతుంది. టైర్లలో గాలి, పట్టుకుపోయిన బ్రేకులు, జారే క్లచ్ కూడా డీజిల్ వాడకాన్ని, దానితో పాటు పొగను పెంచుతాయి.

పొల్యూషన్ సర్టిఫికెట్‌ను చాలామంది జరిమానా నుంచి తప్పించుకునే కాగితంగా చూస్తారు. దానిలోని అంకె విలువైనది. ఇంజన్‌ను ఒక్కసారిగా రేజ్ చేసి పొగ చిక్కదనాన్ని కొలిచే ఆ పరీక్షలో బీఎస్-4కు ముందటి వాహనాలకు 2.45, బీఎస్-4కు 1.62, బీఎస్-6కు 0.7 గరిష్ఠ పరిమితి. ఒక బీఎస్-4 బస్సు గత ఏడాది 0.6 చూపి ఈ ఏడాది 1.4 చూపితే అది పాసైనట్టే, కానీ ఇంజన్ చెడిపోతోందని కూడా అది చెబుతోంది. బీఎస్-4, బీఎస్-6 బస్సుల సర్టిఫికెట్‌కు ఏడాది గడువున్నా మీరు ఆరు నెలలకొకసారి పరీక్ష చేయించి ప్రతి రీడింగ్‌నూ రిజిస్టరులో రాయండి. ఈ పరీక్ష నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవదన్నదీ గుర్తుంచుకోవాలి, పాసవడం కనీస అర్హత మాత్రమే.

6. ట్యాంకులోకి వెళ్లేది ఏమిటో చూడండి

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమ్మే డీజిల్‌లో గంధకం పది లక్షల భాగాలకు 10 భాగాలకు మించకూడదు. అంతకుముందు బీఎస్-4 ఇంధనంలో 50, బీఎస్-3 ఇంధనంలో 350 ఉండేది. సియాటిల్ పిల్లలకు మేలు చేసినటువంటి ఇంధనం మన ఊరి బంకులోకి వచ్చేసింది. దాన్ని చెడగొట్టకుండా బస్సులో పోయించడం మన చేతిలోని పని. బయోడీజిల్ పేరుతో రోడ్డు పక్క షెడ్లలో తక్కువ ధరకు పోసే ద్రవాలను, డ్రమ్ముల్లో తెచ్చి పోసే డీజిల్‌ను పూర్తిగా నిషేధించండి. అవి ఇంజెక్టర్లను, శుద్ధి పరికరాలను పాడు చేస్తాయి, లీటరుకు మిగిలిన రూపాయలు లక్షల రూపాయల రిపేరుగా తిరిగొస్తాయి. ఒకే నమ్మకమైన బంకు, ప్రతిసారీ బిల్లు, బస్సు నంబరుతో నమోదు అన్న పద్ధతి పెట్టండి.

బీఎస్-6 బస్సుల్లో రెండో ట్యాంకు ఉంటుంది. అందులో పోసేది డెఫ్ లేదా యాడ్‌బ్లూ అని పిలిచే ద్రవం, శుద్ధిచేసిన నీటిలో 32.5 శాతం యూరియా కలిపినది. అది పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మారుస్తుంది. ఇక్కడ మన దగ్గర జరిగే పెద్ద తప్పు పొలానికి వేసే యూరియాను నీళ్లలో కలిపి పోయడం. 2015 నుంచి దేశంలో అమ్మే వ్యవసాయ యూరియాకంతటికీ వేపనూనె పూత తప్పనిసరి. ఆ నూనె, అందులోని మలినాలు ఈ మార్పు జరిపే ఉత్ప్రేరకాన్ని, చిమ్మే నాజిల్‌ను మూసేస్తాయి. రైతుల రాయితీ యూరియాను ఇలా మళ్లించడం చట్టరీత్యా నేరం కూడా. సీలు ఉన్న డబ్బాలే కొని, ఎండ తగలని గదిలో ఉంచి, తయారీ తేదీ చూసి వాడండి.

కొందరు మెకానిక్‌లు డెఫ్ అవసరం లేకుండా చేస్తామని చిన్న ఎలక్ట్రానిక్ పరికరం బిగిస్తారు. అది పెట్టిన బీఎస్-6 బస్సు పేరుకే బీఎస్-6. కనిపెట్టడం సులభం. వంద లీటర్ల డీజిల్‌కు సాధారణంగా మూడు నుంచి ఆరు లీటర్ల డెఫ్ ఖర్చవుతుంది. నెలకు వెయ్యి లీటర్ల డీజిల్ తాగిన బస్సుకు డెఫ్ బిల్లు లేదంటే ఆ బస్సును వెంటనే విప్పించి చూడండి.

7. మసి ఫిల్టర్‌ను అర్థం చేసుకోండి

బీఎస్-6 బస్సులోని మసి ఫిల్టర్ పట్టిన మసిని తానే కాల్చుకోవాలి, దానికి పొగ బాగా వేడెక్కాలి. వీధి వీధిన ఆగుతూ పదిహేను కిలోమీటర్ల వేగంతో తిరిగే స్కూలు బస్సులో ఆ వేడి పుట్టదు. అందుకే డ్యాష్‌బోర్డు మీద ఫిల్టర్ లైటు మాటిమాటికీ వెలుగుతుంది. డ్రైవర్ దాన్ని పట్టించుకోకుండా తిప్పితే ఇంజన్ శక్తి తగ్గిపోతుంది, చివరికి ఎవరో ఒకరు ఫిల్టర్ కోసి లోపల ఖాళీ చేయమని సలహా ఇస్తారు. ఆ సలహా వినవద్దు. వారానికి ఒకసారి పిల్లలు లేనప్పుడు బస్సును హైవే మీద స్థిరమైన వేగంతో కొంతదూరం నడిపించండి, లేదా కంపెనీ పుస్తకంలో చెప్పినట్టు నిలిపి రీజనరేషన్ (ఫిల్టర్‌లో పేరుకున్న మసిని కాల్చడం) చేయించండి. ఆ సమయంలో పొగ గొట్టం విపరీతంగా వేడెక్కుతుంది కాబట్టి ఎండుగడ్డి లేని చోట, పిల్లలకు దూరంగా చేయాలి, మధ్యలో ఇంజన్ ఆపకూడదు. ఆయిల్ కూడా తక్కువ బూడిద ఇచ్చే రకం, కంపెనీ సూచించినదే వాడాలి.

పాత బస్సులకు ఇలాంటి ఫిల్టర్లు బయట బిగించవచ్చా అని చాలామంది అడుగుతారు. అమెరికాలో అది పెద్ద ఎత్తున జరిగింది. మన దగ్గర వాహనంలో మార్పులకు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డు ఉంది, ఆమోదం పొందిన కిట్ కాకుండా ఏదీ బిగించకూడదు. పాత ఇంజన్ మసి ఫిల్టర్‌ను త్వరగా పూడ్చేస్తుంది కూడా. ఆ డబ్బును బస్సు మార్చడానికి దాచుకోవడమే మేలని నా అభిప్రాయం.

8. బస్సు మార్చే క్రమం నిర్ణయించండి

తెలుగు రాష్ట్రాల్లో విద్యాసంస్థల బస్సుకు 15 ఏళ్ల వయసు పరిమితి ఉంది. అంతవరకు ఆగవద్దు. రోజుకు తిరిగే కిలోమీటర్లను పిల్లల సంఖ్యతో గుణించి, బీఎస్-3 బస్సుల్లో ఏది ఎక్కువ వస్తే దాన్ని ముందు మార్చండి. పాత బస్సును చిన్న పట్టణంలోని మరో బడికి అమ్మితే ఆ పొగ వేరే పిల్లలకు చేరుతుంది. నమోదైన తుక్కు కేంద్రానికి అప్పగించి డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకోండి.

కొత్తది ఏది కొనాలన్నది రూటును బట్టి ఉంటుంది. దగ్గరలో గ్యాస్ బంకు ఉండి, అక్కడ గంటల తరబడి క్యూ లేకపోతే కంపెనీ నుంచే వచ్చిన సీఎన్‌జీ బస్సు మంచిది, మసి చాలా తక్కువ. సిలిండర్లకు మూడేళ్లకొకసారి పరీక్ష తప్పనిసరి. ఊరూరా తిరిగే, ఛార్జింగ్ వసతి లేని పొడవైన గ్రామీణ రూట్లకు చక్కగా చూసుకునే బీఎస్-6 డీజిల్ బస్సే ప్రస్తుతానికి ఆచరణ సాధ్యం.

పట్టణ రూట్లకు విద్యుత్ బస్సు సరిపోయినంతగా మరేదీ సరిపోదు. స్కూలు బస్సు పొద్దున తొమ్మిదిన్నరకు వచ్చి మధ్యాహ్నం రెండున్నర దాకా ఆవరణలోనే ఉంటుంది. రోజుకు 70 కిలోమీటర్లు తిరిగే బస్సు కిలోమీటరుకు ఒక యూనిట్ చొప్పున 70 యూనిట్లు వాడుతుందనుకుంటే, 15 కిలోవాట్ల ఛార్జర్ ఆ ఐదు గంటల్లో 75 యూనిట్లు ఎక్కిస్తుంది. మన ఎండకు ఒక కిలోవాట్ సౌర ఫలకాలు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి, అంటే తరగతి గదుల పైకప్పు మీద 20 కిలోవాట్లు ఉంటే ఒక బస్సుకు సరిపోతుంది. కొనే ముందు మీ రూటులో, పూర్తి బరువుతో, మే నెల ఎండలో బస్సును నడిపి చూపించమని కంపెనీని అడగండి. బ్యాటరీ వారంటీ ఎన్ని కిలోమీటర్లకో, ఎంత సామర్థ్యం తగ్గితే మారుస్తారో రాయించుకోండి. విద్యుత్ వాహనాలకు కేంద్రం ఇచ్చే పీఎం ఈ-డ్రైవ్ పథకంలో బస్సుల రాయితీ ప్రజా రవాణా సంస్థలకే ఉద్దేశించినది, పాఠశాలలు దాని మీద ఆశ పెట్టుకోవద్దు. జీఎస్టీ మాత్రం విద్యుత్ వాహనానికి 5 శాతమే. రోడ్డు పన్ను మినహాయింపు విద్యాసంస్థ బస్సుకు వర్తిస్తుందో లేదో రవాణా శాఖ నుంచి రాతపూర్వకంగా తెలుసుకోండి.

9. అద్దె బస్సులకూ ఇవే షరతులు

చాలా పాఠశాలలు బస్సులను కాంట్రాక్టుకు తీసుకుంటాయి. ఒప్పందంలో బీఎస్-6 బస్సులే పంపాలని, ఆరు నెలలకొకసారి పొగ రీడింగ్ ఇవ్వాలని, డీజిల్, డెఫ్ బిల్లులు చూపాలని, ఫిల్టర్ తొలగించినట్టు తేలితే ఒప్పందం రద్దవుతుందని రాయించండి. ఒప్పందాలు ఏప్రిల్‌లో కుదురుతాయి, షరతులు పెట్టగలిగే సమయం అదే.

10. మే నెలను వాడుకోండి

స్కూలు బస్సుల ఫిట్‌నెస్ పరీక్షలు బడులు తెరిచే ముందు వేసవిలో జరుగుతాయి. బస్సులన్నీ షెడ్డులో ఉండే ఆ కొద్ది వారాల్లోనే బానెట్ రబ్బర్లు, ఎయిర్ లైన్లు, ఇంజెక్టర్లు, ఫిల్టర్లు అన్నీ చేయించాలి. తల్లిదండ్రుల కమిటీ నుంచి ఇద్దరిని పిలిచి రిజిస్టరు ముందుంచండి. గాలిలోని సూక్ష్మ రేణువులను కొలిచే, చేతిలో పట్టే పీఎం 2.5 మీటరు ఒకటి కొని, తలుపులు వేసిన బస్సులో ఇంజన్ తిరుగుతుండగా మొదటి వరుసలో, మధ్యలో, చివరి సీట్లో పది నిమిషాల చొప్పున కొలవండి. అదే సమయంలో బస్సుకు దూరంగా, ఆరుబయట గాలినీ కొలవండి. లోపలి అంకె బయటిదానికంటే స్పష్టంగా ఎక్కువగా ఉన్న బస్సును జూన్‌లో రోడ్డెక్కించకుండా నాలుగో మెట్టుకు తిరిగి పంపండి.